దైవసహాయం చేతులు

ఆ ఏడాది డాక్టర్ బొడ్డేపల్లి కోమలి పంపిన దరఖాస్తుల్లో అది నలభై ఒకటోది. ప్రకటనలో ఆఖరి వాక్యం ఆమెకు అర్థం కాలేదు. భర్త సింహాద్రికి చదివి వినిపించింది.

"జీవకణాల విద్యుత్తుపై పరిశోధనకు పోస్ట్‌డాక్ కావలెను. సైన్సు, ఇంజనీరింగు ఏ శాఖవారైనా సరే. చేతిపనిలో అనుభవం అవసరం లేదు. చేరిన తర్వాత ఇవ్వబడుతుంది."

సింహాద్రి విజయనగరం స్టేషన్లో పార్సిల్ గుమాస్తా. రోజంతా రసీదుల మీద మాటలు సరిచూసే అలవాటున్నవాడు. "నేర్పబడుతుంది అనాలి కదా. ఇవ్వబడుతుంది అంటారేటి?" అన్నాడు.

"అచ్చుతప్పయి ఉంటుంది," అంది కోమలి, దరఖాస్తు పంపేస్తూ.

ఆమెకు పీహెచ్‌డీ వచ్చి రెండేళ్లు దాటింది. శరీరంలోని కణాల్లో పారే అతి సన్నటి విద్యుత్తును కొలిచే సర్క్యూట్లు తయారు చెయ్యడంలో ఆమె దిట్ట. పక్కా ఉద్యోగం కావాలంటే ముందు ఎక్కడో ఒక లాబ్‌లో పోస్ట్‌డాక్‌గా, అంటే తాత్కాలిక పరిశోధకుడిగా, రెండు మూడేళ్లు పని చేసి ఉండాలి. ఇంటర్వ్యూలకు పిలిచిన ప్రతి చోటా చివర్లో ఒకటే ప్రశ్న: "బతికున్న కణాన్ని మీ చేత్తో పట్టగలరా?" కోమలి లేదని నిజం చెప్పేది. అక్కడితో ఆ ఇంటర్వ్యూ అయిపోయేది. ఆగస్టులో ఆమెకు ముప్పై అయిదు నిండుతాయి. చాలా ప్రకటనల్లో వయసు పరిమితి అక్కడితో ముగిసిపోతుంది.

పది రోజులకు విశాఖపట్నం నుంచి పిలుపు వచ్చింది.

లాబ్ పెద్ద ప్రొఫెసర్ విశాలాక్షి. అరవై దాటిన మనిషి, పొట్టిగా, తెల్లజుట్టుతో, మెడలో తాడుకు వేలాడే కళ్లద్దాలతో ఉంది. ప్రశ్నలేమీ అడక్కుండా కోమలిని తిన్నగా మైక్రోస్కోపు దగ్గరికి తీసుకెళ్లింది. అక్కడ పొడుగ్గా, బక్కగా ఉన్న నలభై ఎనిమిదేళ్ల మనిషి ఎడమచేత్తో ఒక చిన్న మరను తిప్పుతున్నాడు.

"ఈయన డాక్టర్ దైవసహాయం. పదకొండేళ్లుగా నా పోస్ట్‌డాక్. చూడు," అంది విశాలాక్షి.

తెర మీద కిడ్నీలోంచి తీసిన కణం ఒకటి ముత్యంలా కనిపిస్తోంది. దాని వైపు గాజుసూది ఒకటి దిగుతోంది. వెంట్రుకను డెబ్బై చీలికలు చేస్తే అందులో ఒక చీలిక ఎంతుంటుందో, ఆ సూది మొన అంతుంది. అది కణాన్ని తాకీ తాకగానే దైవసహాయం నోట్లో పెట్టుకున్న రబ్బరు గొట్టంతో, నిద్రపోతున్న పిల్ల ఊపిరంత మెల్లగా, గాలి లోపలికి పీల్చాడు. కణం సూదికి అతుక్కుంది. వెంటనే స్పీకరులోంచి రేకుల మీద చినుకులు పడుతున్నట్టు చప్పుడు వినిపించింది. కణం లోపల పారుతున్న విద్యుత్తు అది. నిమిషం కూడా పట్టలేదు.

తర్వాత కోమలిని కూర్చోబెట్టారు. గంటలో ఏడు సూదులు విరిచింది. ఎన్ని కణాలు పగిలాయో లెక్కలేదు.

"మీకెన్నాళ్లు పట్టింది మాస్టారూ?" అని అడిగింది సిగ్గుపడుతూ.

"నాలుగేళ్లమ్మా, మొదటి కణం సరిగ్గా దొరకడానికి. మరో మూడేళ్లకు గానీ రేపు కూడా దొరుకుతుందన్న ధైర్యం రాలేదు."

"నీకు ఇరవై ఒక్క రోజులు చాలు," అంది విశాలాక్షి.

పక్కగదిలో రెండు కుర్చీలు, రెండు వల టోపీలు, రెండు జతల చేతి తొడుగులు ఉన్నాయి. వాటి గురించి విశాలాక్షి చెప్పింది తక్కువ. దైవసహాయం పని చేస్తుంటే అతని మెదడులో చేతిని నడిపించే భాగం ఏం చేస్తోందో ఒక టోపీ చదువుతుంది. రెండో టోపీ దాన్ని కోమలి మెదడులో రాస్తుంది. తొడుగు ఆమె వేళ్లను అలాగే కదిలిస్తుంది. ఆ తర్వాత ఇద్దరూ గంటసేపు పడుకోవాలి. నిద్రలో ఆ రాత గట్టిపడుతుంది.

"పోస్ట్‌డాక్‌ని పన్నెండేళ్లకు మించి ఉంచుకోనివ్వరు. ఇతను వెళ్లిపోతే ఈ చేతులూ వెళ్లిపోతాయి. ఈ లాబ్‌లో మూడుసార్లు అలాగే జరిగింది, మూడుసార్లూ మొదటికొచ్చాం. ఈసారి చేతులు ఇక్కడే ఉంటాయి. పని పూర్తయితే నీకు మూడేళ్ల పోస్టు. ఇతనికి ఇక్కడే పరికరాల అధికారిగా పక్కా ఉద్యోగం."

"ఇచ్చినాయనకి ఏమీ అవదా మేడమ్?"

"కొన్నాళ్లు చెయ్యి అలసటగా ఉంటుంది. కాగితంలో రాసే ఉంది."

కోమలి దైవసహాయం వైపు చూసింది. అతను నవ్వి తలూపాడు. ఆమె సంతకం పెట్టింది. ఇవ్వబడుతుంది అన్నది అచ్చుతప్పు కాదని ఆ సాయంత్రం సింహాద్రికి ఫోన్లో చెప్పింది.

మొదటి వారం ఏమీ తెలియలేదు. తొడుగులో వేళ్లు వాటంతటవే కదులుతుంటే ఎవరో తన చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దిస్తున్నట్టుండేది. తొమ్మిదో రోజున తొడుగు లేకుండా మైక్రోస్కోపు ముందు కూర్చుంది. సూది దింపింది. ఎక్కడ ఆపాలో ఆమెకు తెలియలేదు. చేతికి తెలిసింది. గొట్టంలో గాలి పీల్చింది. చినుకుల చప్పుడు మొదలైంది.

కోమలి కళ్లు నిండిపోయాయి. రెండేళ్లుగా తెరుచుకోని తలుపు అంత చిన్న చప్పుడుతో తెరుచుకుంది.

"దొరికిందమ్మా! దొరికింది!" అన్నాడు దైవసహాయం, తనకే దొరికినట్టుగా. అలా అంటూనే ఎడమ అరచేతిని ప్యాంటుకు తుడుచుకున్నాడు, ఏదో అంటుకున్నట్టు. కోమలి అది చూసింది. ఆ సంతోషంలో పట్టించుకోలేదు.

ఆదివారాలు విజయనగరం వెళ్లేది. ఆ ఆదివారం ఆమె ఎడమచేత్తో అన్నం వడ్డిస్తుంటే సింహాద్రి వింతగా చూశాడు. "ఆయన ఎడమచేతివాటం," అని నవ్వింది కోమలి. కూర గిన్నె అందుకోడానికి అతను చెయ్యి చాచాడు. ఆమె బొటనవేలు తిన్నగా వెళ్లి అతని మోచేతి కింద నరం మీద ఆగింది. రెండుసార్లు నొక్కి, చర్మాన్ని కిందికి లాగి పట్టుకుంది.

"ఏటిది?"

"తెలీదు." కోమలి చెయ్యి వెనక్కి తీసుకుంది. లాబ్‌లో అలాంటి పని ఎవరూ చెయ్యరు. తాను నేర్చుకోనిదీ, యంత్రాన్ని చదవమని చెప్పనిదీ ఏదో వెంట వచ్చింది.

పదహారో రోజు దైవసహాయం రాలేదు. ఫోన్ ఎత్తలేదు. పదకొండేళ్లలో చెప్పకుండా మానింది లేదని తోటివాళ్లు అన్నారు. సాయంత్రం అయిదింటికి కోమలి చిరునామా కనుక్కుని పెదవాల్తేరులో అతని ఇంటికి వెళ్లింది. రెండో అంతస్తులో రెండు గదుల వాటా. తలుపు తీసే ఉంది.

లోపలి గదిలో మంచం మీద ఒక ఆమె పడుకుని ఉంది. పక్కన అల్మారా అంత డయాలసిస్ మిషను. మంచం అంచున దైవసహాయం చేతిలో లావుపాటి సూది పట్టుకుని కూర్చున్నాడు. ఆమె ముంజేయి మోచేతి దాకా నల్లగా కమిలిపోయింది. కొత్త దూది ముక్కలు నాలుగు అంటించి ఉన్నాయి.

కోమలిని చూసి అతను లేవబోయాడు. సూది చేతిలోంచి జారి కిందపడింది.

"ఎవరండీ?" అంది మంచం మీది మనిషి.

"మా లాబ్ అమ్మాయి కోమలి గారు, సువార్తా," అన్నాడు దైవసహాయం భార్యతో.

"రామ్మా. కుర్సీ లాక్కో," అంది సువార్త, ఆ స్థితిలోనూ. "మాది సోంపేట దగ్గరమ్మా. మా వైపు కిడ్నీలు పోని ఇళ్లు తక్కువ. ఆరేళ్ల నుంచి ఈ మిషనే. ఆస్పత్రిలో పొడిస్తే పేణం పోయీది. ఈయన ఇంటికాడ పెడితే సీమ కుట్టినట్టుండీది. వారం దినాల్నుంచీ ఏటయిందో తెలీదు, నరం దొరకతల్లేదంటాడు. మొన్న మూడు పోట్లు. ఇయ్యాల నాలుగు. రక్తం శుభ్రం కాక ఒళ్లు ఉబ్బిపోతంది."

కోమలి ఆ చేతి వైపే చూస్తోంది. నలుపు కింద నరం ఎక్కడ ఉందో, ఎంత లోతులో ఉందో, ఏ వాలుగా పోతోందో ఆమె ఎడమచేతికి కనిపిస్తోంది. వేళ్ల చివర్లు వేడెక్కాయి.

"అక్కా, నేనొకసారి చూడనా?"

దైవసహాయం తల దించుకున్నాడు. కోమలి చేతులు కడుక్కుని కొత్త సూది తీసింది. బొటనవేలు నరం మీద రెండుసార్లు నొక్కి, చర్మాన్ని కిందికి లాగింది. సూది దిగింది. గొట్టంలోకి ఎర్రగా రక్తం వచ్చింది. రెండో సూదీ అంతే. మిషను తిరగడం మొదలైంది.

సువార్త కళ్లు మూసుకుని ఉంది. కాసేపటికి తెరిచి కోమలిని చూసింది, తర్వాత భర్తను.

"ఇది నీ సెయ్యే కదా?" అంది భర్తతో. "పెళ్లయి ఇరవై రెండేళ్లు. నీ సెయ్యి నాకు తెలీదా. ఈ పిల్లకెలాగొచ్చింది?"

అతను చెప్పాడు. దాచకుండా అంతా చెప్పాడు.

"వచ్చిన పని ఏదైనా గుర్తు తెచ్చుకుని చేసేటప్పుడు మెదడులో అది కాస్త మెత్తబడుతుంది. పనయ్యాక మళ్లీ గట్టిపడుతుంది. మనందరికీ రోజూ జరిగేదే. ఆ యంత్రం అది మెత్తగా ఉన్నప్పుడు చదువుతుంది. చదివాక నాలో మళ్లీ గట్టిపడనివ్వడం లేదు. ఎనిమిదో రోజునే తెలిసింది నాకు. చొక్కా గుండీ పెట్టుకోడానికి అయిదు నిమిషాలు పట్టింది."

"మరెందుకు చెప్పలేదు మాస్టారూ?" కోమలికి ఏడుపొచ్చింది.

"చెప్తే ఆపేస్తారమ్మా. ఆపేస్తే మీ పోస్టు పోతుంది, నాకిస్తామన్నదీ పోతుంది. ఇద్దరం పోతే ఆ కణాల్ని చూసేవాళ్లుండరు. మా వైపు జనాల కిడ్నీలను తినేస్తున్నదేదో అందులోనే దొరుకుతుందని పదకొండేళ్లు కూర్చున్నాను. ఇంకో అయిదు రోజులు ఓర్చుకుంటే అయిపోతుంది కదా. సువార్త సూదులంటారా, నెమ్మదిగా మళ్లీ నేర్చుకుందామనుకున్నాను."

"నా సేతి మీద నేర్సుకుందావనుకున్నావు," అంది సువార్త. కోపంగా కూడా అనలేదు. "పోట్లు పడేది నాను. నన్నొక మాట అడిగినావా?"

అతను కిందపడిన సూది తీసి పక్కన పెట్టాడు.

"నా పేరు సెప్పి ఏటీ దాయొద్దు. ఉజ్జోగం పోతే పోద్ది. ఎల్లి సెప్పమ్మా మీ మేడానికి. నాకిలాగైందని సెప్పు."

మర్నాడు పొద్దున్నే కోమలి విశాలాక్షి గదికి వెళ్లింది. రాత్రంతా ఆలోచించుకుని వచ్చింది. మిగిలిన అయిదు రోజులూ తాను కూర్చోనని చెప్పింది. ఎందుకో చెప్పింది.

విశాలాక్షి మొదట నమ్మలేదు. "ఇంట్లో మనిషికి బాగాలేదు, నిద్రుండదు. చెయ్యి వణకదూ? ఇంతకు ముందు ఇద్దరు ఇచ్చారు. ఎవరికీ ఏమీ కాలేదు."

"ఆ ఇద్దరూ ఎవరు మేడమ్?"

"ఒకాయన రిటైరైపోయారు. మొదట ఇచ్చింది నేను. నా మీద చూసుకోకుండా ఇంకొకళ్లను కూర్చోబెడతానా?" ఆమె గొంతులో గర్వం ఉంది, అది నిజమైన గర్వమే. "కిడ్నీ ముక్కను బ్లేడుతో పొరలుగా కోసేదాన్ని. వెలుగు అవతలికి కనిపించేంత పల్చగా. రెండేళ్ల కిందట ఒక అమ్మాయికి ఇచ్చాను. ఇప్పుడు బెంగళూరులో సొంత లాబ్ నడుపుతోంది."

"ఆ తర్వాత మీరెప్పుడైనా కోశారా?"

విశాలాక్షి లేచి వెళ్లి అల్మారాలోంచి పాత బ్లేడు పెట్టె తీసింది. ఫ్రిజ్‌లో మేక కిడ్నీ ముక్కలు ఎప్పుడూ ఉంటాయి. ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టి, కళ్లద్దాలు పెట్టుకుని కూర్చుంది. మొదటి పొర రొట్టెముక్కంత మందంగా వచ్చింది. రెండోది చిరిగిపోయింది. మూడోసారి బ్లేడు పక్కకు జారి వేలికి తగిలింది. వేలు నోట్లో పెట్టుకుని, కోసిన పొరల వైపు చూసింది.

"కూరగాయలు తరగడం కూడా సరిగ్గా రావట్లేదు," అంది చివరికి. "మా వంటావిడ నవ్వుతుంది. అరవై దాటాయి కదా అనుకున్నాను. వయసనుకున్నాను కోమలీ. అలా అనుకోవడం ఎంత తేలికైపోయిందో చూడు."

ఆ మధ్యాహ్నం ఆమె తన చేత్తోనే నివేదిక రాసి పై అధికారులకు పంపింది. దైవసహాయం పేరు కంటే ముందు తన పేరు రాసుకుంది.

కమిటీ వచ్చింది. యంత్రం ఉన్న గదికి సీలు పడింది. ప్రాజెక్టు ఆగిపోయింది, దానితో పాటు కోమలి పోస్టూ పోయింది. యంత్రాన్ని తిరగేసి నడిపి చేతులు వెనక్కి ఇవ్వచ్చేమోనని కోమలి అడిగింది. కమిటీ ఒప్పుకోలేదు. ఒప్పుకున్నా దైవసహాయం కూర్చునేవాడు కాదు. "ఒకళ్ల దగ్గర లాక్కుని ఒకళ్లకివ్వడం మళ్లీనా? వద్దమ్మా," అన్నాడు. అతన్ని పనిలో గాయపడిన మనిషిగా గుర్తించి స్టోర్సులో చిన్న పక్కా ఉద్యోగం ఇచ్చారు. దానికోసం విశాలాక్షి ఏడు నెలలు గది గదికీ తిరిగింది.

ఇటు కోమలి దరఖాస్తులకు మొదటిసారి జవాబులు రావడం మొదలైంది. ఇప్పుడు ఆమె చేతులు కణాన్ని పట్టగలవు, విశాఖలో తీసిన కణాల రికార్డింగులు సాక్ష్యం. మూడు విశ్వవిద్యాలయాలు ఇంటర్వ్యూకి పిలిచాయి. మూడు చోట్లా మెచ్చుకుని అడిగిన ప్రశ్న ఒకటే: "ఎక్కడ నేర్చుకున్నారు?"

"నేర్చుకోలేదు. డాక్టర్ దైవసహాయం గారి దగ్గర్నుంచి తీసుకున్నాను," అని జరిగిందంతా చెప్పింది. రెండు లాబ్‌ల వాళ్లు మళ్లీ పలకలేదు. మూడో లాబ్ పుణెలో ఉంది. దాని ప్రొఫెసరు అంతా విని, నవంబరులో చేరండి అన్నాడు. అప్పటికి ఏప్రిల్. అంతకుముందే రమ్మన్నా ఆమె వెళ్లేది కాదు.

ఎందుకంటే వారానికి మూడు రోజులు ఆమె పెదవాల్తేరులో ఉండాలి. సింహాద్రి స్టేషన్లో పాసు ఏర్పాటు చేశాడు. "వెళ్లు. అది ఆళ్ల చెయ్యే కదా," అన్నాడు. మధ్యాహ్నం బండికి వెళ్లి, సువార్తకు సూదులు పెట్టి, మిషను తిరిగే నాలుగు గంటలూ దైవసహాయంతో కూర్చునేది. బల్ల మీద బత్తాయి కాయలు, సన్నటి రబ్బరు గొట్టాలు పరిచి, గొట్టం మీద చర్మానికి బదులు కోడితోలు కప్పేవారు.

మొదట్లో ఏమీ సాగలేదు.

"ఎక్కడ ఆపారమ్మా?"

"తెలీదు మాస్టారూ. చెయ్యే ఆగిపోయింది."

"అలాగంటే నాకెలా వస్తుంది?"

నిజమే. అతను పదకొండేళ్లలో ఎవరికీ మాటల్లో చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం రాలేదు. చేతులు మారాయి గానీ మాటలు మారలేదు, ఎందుకంటే మాటలు అసలు లేనే లేవు. కోమలి తన ఎడమచేతిని పరాయి మనిషిని చూసినట్టు చూడటం మొదలుపెట్టింది. పది రెట్లు నెమ్మదిగా కదిలించి, ఏ వేలు ముందు బరువు తీసుకుంటోందో గమనించి పైకి చెప్పేది. సూది లోపలికి వెళ్లేముందు చర్మం ఒక క్షణం ఎదురు తిరుగుతుంది, ఆ ఎదురు తగ్గగానే మణికట్టు వాల్చాలి అని కనుక్కోడానికి ఆమెకు మూడు వారాలు పట్టింది. అది విని దైవసహాయం ఆశ్చర్యపోయాడు. "నేనలా చేసేవాణ్ణా?" అన్నాడు.

ఒక రోజు విశాలాక్షి కూడా వచ్చింది. గోడవార కూర్చుని చాలాసేపు వాళ్లను చూసింది. "ఇలా నేర్పితే ఎన్నాళ్లు పడుతుంది?" అని అడిగింది.

"చాలా నెలలు పడుతుంది మేడమ్. కానీ చూడండి, నా దగ్గర్నుంచి ఏమీ పోవట్లేదు," అంది కోమలి.

విశాలాక్షి తల పంకించింది. వెళ్లేటప్పుడు రెండు బత్తాయి కాయలు అడిగి తీసుకెళ్లింది.

జూన్‌లో అతను గొట్టంలోకి సూది దించగలిగాడు, పదింట నాలుగుసార్లు. ఆగస్టుకు ఏడు. ఆ నెల కోమలికి ముప్పై అయిదు నిండాయి. సువార్త మంచం మీద నుంచే పాయసం ఎలా కాయాలో చెప్తే దైవసహాయం కాచాడు, అడుగంటింది, అందరూ తిన్నారు. సెప్టెంబరులో అతను తన కాలి నరం మీద తనే ప్రయత్నించి కుంటుకుంటూ తిరిగాడు.

అక్టోబరు మూడోవారంలో ఒక మధ్యాహ్నం కోమలి చేతులు కడుక్కుని మంచం దగ్గరికి రాగానే సువార్త తన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నువ్వు పుణె పోతన్నావు గదమ్మా. ఇయ్యాల ఆయన్ని పెట్టనీ."

దైవసహాయం మొహం పాలిపోయింది. "ఇంకో వారం చూద్దాం సువార్తా."

"ఇప్పుడు నాను సెప్తన్నాను. రా."

అతను వచ్చి కూర్చున్నాడు. నల్లటి మచ్చలు ఎప్పుడో పోయిన ఆ ముంజేతిని తన ఒళ్లోకి తీసుకున్నాడు. కోమలి కిటికీ దగ్గర నిలబడింది. తన ఎడమచెయ్యి సాయానికి లేస్తుంటే కుడిచేత్తో పట్టుకుంది. దైవసహాయం బొటనవేలితో వెతికాడు. ఒకచోట ఆగాడు, అక్కడ కాదనుకుని జరిగాడు, మళ్లీ ఆగాడు. పెదవులు కదులుతున్నాయి. ఎదురు తిరుగుతుంది, తగ్గుతుంది, అప్పుడు వాల్చాలి. సూది దిగింది. గొట్టంలోకి రక్తం వచ్చింది.

అతని నుదుటి మీది చెమట చుక్క దుప్పటి మీద పడింది.

"ఇది నీ పాత సెయ్యి కాదు," అంది సువార్త.

"కాదు," అన్నాడు అతను.

"కొంచెం నొప్పెట్టింది." ఆమె చేతిని అతనికి ఇంకాస్త దగ్గరగా జరిపింది. "పరవానేదు. రెండోది కూడా నువ్వే పెట్టు."